దేవుడి ఖాతాలో అందరి సొత్తు

రోమ్‌లో కాపిటోల్ కొండ మీద రోమన్ల పెద్ద దేవుడు జూపిటర్ గుడి ఉండేది. అందులో జూపిటర్‌కి ఒక పక్క జూనో దేవతకీ, ఇంకో పక్క మినర్వా దేవతకీ విడివిడిగా గదులు. జూనో గదిలో ఒక కంచు కుక్క ఉండేది. ఒంటి మీది గాయాన్ని నాక్కుంటున్న మామూలు కుక్క. పూజలందుకునే మూర్తి కాదు, మొక్కుబడుల్లో చెప్పుకునే మహిమలూ లేవు. ఉన్నదల్లా పనితనమే. చూసినవాళ్లు అది బతికున్న కుక్కే అనుకునేలా ఉండేదట. పోతే ఎంత కట్టించుకోవాలో లెక్క తేలక, కాపలావాళ్లు ప్రాణాలతో పూచీ పడాలని ప్రభుత్వమే నిర్ణయించిందని మొదటి శతాబ్దపు రచయిత ప్లీనీ రాశాడు. క్రీ.శ. 69లో అంతర్యుద్ధంలో గుడికి గుడే తగలబడింది. కుక్క కూడా పోయింది.

ఈ కుక్కకి జూనో గదిలో ఏం పని? రోమన్ గుళ్లని ఇప్పటి మ్యూజియంలతో పోల్చి ఊరుకుంటే ఈ ప్రశ్నకి సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం ఆ గుళ్ల కట్టుబడిలో, చట్టంలో, యుద్ధాల్లో ఉంది.

ముందు కట్టుబడి సంగతి. అక్కడ అసలు పూజ గుడి లోపల జరిగేది కాదు. బలిపీఠం బయట, మెట్ల ముందు ఆరుబయట ఉండేది. జనం అక్కడే నిలబడేవాళ్లు. లోపలి గది దేవుడి ఇల్లు. లాటిన్‌లో గుడి కట్టడాన్ని 'ఏడెస్' అనేవాళ్లు, ఆ మాటకి అర్థం కూడా నివాసమనే. 'టెంప్లుమ్' అంటే వేరు. శకునాలు చూసే పూజారులు హద్దులు చెప్పి పవిత్రం చేసిన చోటు అది. సెనేట్, అంటే రోమ్ పెద్దల సభ, అలాంటి చోటే జరగాలి. అందుకే సభ తరచు గుళ్లలోనే కూడేది. క్రీ.పూ. 63లో తిరుగుబాటుకి కుట్ర పన్నిన కాటిలీన్ మీద రాజకీయవేత్త, వక్త సిసిరో విరుచుకుపడిన మొదటి ప్రసంగం జరిగింది జూపిటర్ స్టేటర్ గుడిలో.

అంటే బయట పూజ జరుగుతున్నా లోపలి గది దాదాపు ఖాళీయే. మందపాటి గోడలు, ఎత్తైన అరుగు, బరువైన తలుపులు, తాళం, కాపలావాడు. వీటన్నిటికీ మించి, ముట్టుకుంటే దేవుడి సొమ్ము తిన్నట్టవుతుందన్న భయం. ఊళ్లో ఇంతకంటే భద్రమైన చోటు ఎక్కడుంటుంది? శాటర్న్ గుడిలో ప్రభుత్వ ఖజానా ఉండేది. క్రీ.పూ. 49లో ఆ డబ్బు కోసం సీజర్ వస్తే మెటెల్లస్ అనే ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) తలుపుకి అడ్డం నిలబడ్డాడు. చంపేస్తానని బెదిరించి గానీ సీజర్ లోపలికి వెళ్లలేకపోయాడు. జూనో మొనేటా గుడిని ఆనుకుని టంకశాల ఉండేది. ఇవాళ ఇంగ్లిష్‌లో అంటున్న 'మనీ' ఆ మొనేటా నుంచి వచ్చిందే. కాస్టర్ గుడిలో తూకపు రాళ్లు సరిచూసేవాళ్లు. అదే గుడి అరుగు గోడల్లో వరసగా చిన్న చిన్న కొట్లు ఉండేవి. పురావస్తు తవ్వకాల్లో ఒక కొట్టు దగ్గరి మురుగుకాలవలో 80కి పైగా పళ్లు దొరికాయి, చాలావరకు పుచ్చిపోయినవే. పళ్లు పీకే వైద్యుడి కొట్టు అన్నమాట. పైన దేవుడు, అప్పుడప్పుడూ సెనేట్ సభ. కింద పంటినొప్పి.

ఇలాంటి చోటికి కళ ఎలా వచ్చింది?

మొదట్లో మట్టితోనూ రంగుతోనూ వచ్చింది. జూపిటర్ గుడిలోని తొలి విగ్రహం కాల్చిన మట్టిది. పొరుగున ఉన్న వేయీ పట్టణం నుంచి వల్కా అనే ఎట్రస్కన్ శిల్పిని పిలిపించి చేయించారు. పండగ రోజుల్లో దాని ముఖానికి సింధూరం పూసేవాళ్లు. ఆంజనేయస్వామి గుడికి వెళ్లిన అలవాటు ఉన్నవాళ్లకి ఇదేమీ వింతగా తోచదు. క్రీ.పూ. 304లో ఫాబియస్ అనే గొప్పింటి మనిషి సాలుస్ దేవత గుడి గోడల మీద స్వయంగా బొమ్మలు వేశాడు. దాంతో ఆ కుటుంబానికి 'పిక్టర్', అంటే చిత్రకారుడు, అని ఇంటిపేరు పడిపోయింది. రోమ్ చరిత్రని తొలిసారి రాసిన ఫాబియస్ పిక్టర్ ఆ వంశంవాడే. పెద్దకుటుంబాలవాళ్లు కుంచె పట్టడం రోమన్లకి నామోషీ. కాబట్టి ఆ ఇంటిపేరులో మెప్పు ఎంత, వెక్కిరింత ఎంత అన్నది తేల్చడం కష్టం.

అసలు వరద మాత్రం యుద్ధాలతో వచ్చింది. క్రీ.పూ. 212లో సిసిలీలోని సిరక్యూస్ నగరం రోమన్ సేనాని మార్సెల్లస్ చేతికి చిక్కింది. అక్కడి గ్రీకు శిల్పాలనీ చిత్రాలనీ అతను రోమ్‌కి తరలించి, తాను మొక్కుకున్న గుళ్లలో పెట్టించాడు. కపేనా ద్వారం దగ్గరున్న ఆ గుళ్లని చూడటానికి పరాయి దేశాలవాళ్లు కూడా వచ్చేవాళ్లని చరిత్రకారుడు లివీ రాశాడు. గ్రీకు కళ మీద రోమన్ల మోజూ, దేవుళ్లవీ మనుషులవీ అన్న తేడా లేకుండా దోచుకునే అలవాటూ అక్కడే మొదలయ్యాయని కూడా ఆయనే అన్నాడు. రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పడం గమనించాలి.

క్రీ.పూ. 146లో కోరింత్ పతనం తర్వాత జరిగిన కథ ఇంకా రుచిగా ఉంటుంది. గెలిచిన సేనాని మమ్మియస్‌కి కళ అంటే ఏమిటో తెలియదని రోమన్లే నవ్వుకునేవాళ్లు. ప్రాచీన కళాఖండాలని ఓడలెక్కిస్తూ, ఇవి పాడైతే వీటి బదులు కొత్తవి తెచ్చివ్వాలి అని రవాణా కాంట్రాక్టర్లతో చెప్పాడట! దోపిడీ సొమ్ము అమ్మేటప్పుడు పెర్గమం రాజు అట్టాలస్ ఒక చిత్రానికి 6 లక్షల దినారాలు ఇస్తానన్నాడు. గ్రీకు చిత్రకారుడు అరిస్టైడిస్ వేసిన డయోనైసస్ దేవుడి బొమ్మ అది. ఆ ధర వినగానే మమ్మియస్‌కి అనుమానం వచ్చింది. తనకి తెలియని గొప్పదనం ఏదో ఇందులో ఉండే ఉంటుందనుకుని బేరం రద్దు చేసేశాడు. అట్టాలస్ లబోదిబోమన్నా వినలేదు. ఆ బొమ్మని తెచ్చి రోమ్‌లో సెరెస్ దేవత గుడిలో పెట్టించాడు. రోమ్‌లో జనమంతా చూడగలిగిన మొదటి పరదేశీ చిత్రం అదేనని ప్లీనీ అభిప్రాయం. తొలి చక్రవర్తి అగస్టస్ కాలపు భూగోళ రచయిత స్ట్రాబో దాన్ని కళ్లారా చూశాడు. తర్వాత ఆ గుడి కాలిపోయినప్పుడు చిత్రం కూడా బూడిదైందని రాశాడు.

ఇదే అరిస్టైడిస్ వేసిన ఇంకో చిత్రం అపోలో గుడిలో ఉండేది. ఒక విషాదనాటక నటుడు, పక్కన ఒక కుర్రాడు. అపోలో ఉత్సవాలు దగ్గర పడుతున్నాయని, మార్కస్ జూనియస్ అనే అధికారి దాన్ని శుభ్రం చేయమని ఒక చిత్రకారుడికి ఇచ్చాడు. ఆ చిత్రకారుడు తెలిసీ తెలియకుండా తోమి బొమ్మ అందమంతా పోగొట్టాడు. పండక్కి ఇల్లు సర్దుతూ ఉన్న వస్తువుని పాడుచేయడం రెండువేల ఏళ్ల కిందటి రోమ్‌లో కూడా ఉందన్నమాట.

ఇక చట్టం. రెండో శతాబ్దపు న్యాయవేత్త గేయస్ చెప్పిన సూత్రం ప్రకారం దేవుళ్లకి అంకితమైన వస్తువు ఎవరి ఆస్తీ కాదు. మన దగ్గర దేవుడి మాన్యానికి దేవుడే యజమాని, కోర్టులో ఆయన పేరు మీదే కేసు నడుస్తుంది. రోమన్ చట్టం ఆ మాట కూడా అనదు. అది మనుషుల ఆస్తి లెక్కల్లోంచే బయటికి వెళ్లిపోయిన వస్తువు. అమ్మడానికి లేదు, పంచుకోవడానికి లేదు, కొడుకుకి రాసివ్వడానికి లేదు. యుద్ధంలో దోచుకొచ్చిన బొమ్మ సేనాని ఇంటికి వెళితే ఆ ఇంటివాళ్లది అవుతుంది. గుడికి వెళితే ఎవరిదీ కాదు, కాబట్టి అందరూ చూడొచ్చు. ఈ చిన్న మెలికే రోమ్ గుళ్లని కళకి నెలవు చేసింది. భక్తి కంటే దీని పాత్రే ఎక్కువేమో అనిపిస్తుంది.

రోమన్లకి ఈ తేడా బాగా తెలుసు. క్రీ.పూ. 70లో సిసిలీ గవర్నర్‌గా గుళ్లూ ఇళ్లూ ఊడ్చేసిన వెర్రెస్ మీద కేసు వాదిస్తూ సిసిరో పట్టుకున్న పాయింటు ఇదే. మార్సెల్లస్ కూడా సిరక్యూస్ నుంచి తెచ్చాడు, కానీ ఇంట్లో గానీ తోటలో గానీ ఒక్కటి పెట్టుకోలేదు, వెళ్లి చూడాలంటే గుళ్లలో ఉన్నాయి అన్నాడు. మాలాంటి మామూలువాళ్లు మంచి శిల్పం చూడాలంటే ఫెలిసిటాస్ గుడికో మెటెల్లస్ మండపానికో వెళతాం, లేదంటే ఈ పెద్దమనుషుల పల్లె బంగళాల్లోకి మమ్మల్ని రానివ్వమని బతిమాలుకోవాలి అని దెప్పిపొడిచాడు. సిసిరోకి కూడా బంగళాలూ శిల్పాల పిచ్చీ రెండూ ఉన్నాయి. అది వేరే సంగతి.

వెర్రెస్ గురించి ఇంకో ముచ్చట ఉంది. సిసిలీకి వెళ్లకముందు, క్రీ.పూ. 74లో, కాస్టర్ గుడి మరమ్మతు కాంట్రాక్టు లెక్క తేల్చే పని అతనికి పడింది. గుడి చక్కగా ఉంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. డబ్బు రాబట్టే దారి కనబడలేదు. అప్పుడు అనుచరుడొకడు, స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో మట్టపుగుండు వేసి చూడండి, తూచినట్టు నిలబడే స్తంభం లోకంలో ఎక్కడా ఉండదు అని చెవిలో ఊదాడు. వెర్రెస్ ఎగిరి గంతేశాడు. యంత్రాలు తెప్పించి కొన్ని స్తంభాలని దించి, ఆ రాళ్లనే తిరిగి నిలబెట్టించి కొత్తపని బిల్లు వేయించాడు. చనిపోయిన కాంట్రాక్టరు కొడుకు, ఇంకా మైనారిటీ తీరని పిల్లాడు, ఆ ఖర్చు కింద నలిగిపోయాడు. ఇంజనీరింగ్ బిల్లుల గురించి కాస్త తెలిసిన ఎవరికైనా ఇది నిన్నటి వార్తలా ఉంటుంది.

అగస్టస్ కుడిభుజం అగ్రిప్పా, చిత్రాలూ శిల్పాలూ అన్నీ ప్రజల ఆస్తి కావాలని ఒక ప్రసంగమే చేశాడు. బంగళాల్లోకి ప్రవాసం పంపడం కంటే అదే మేలని ప్లీనీ మెచ్చుకున్నాడు. చక్రవర్తులే ఆ మాట నిలబెట్టుకోలేదు. అగ్రిప్పా తన స్నానశాల ముందు పెట్టించిన గ్రీకు శిల్పి లిసిప్పస్ చేసిన శిల్పాన్ని టిబేరియస్ చక్రవర్తి మనసు పడి పడకగదికి తరలించాడు. థియేటర్లో జనం అరిచి గోల చేశాక వెనక్కి ఇచ్చాడు. గుడిలో పెట్టినా రాజకీయం లేకుండా పోలేదు. సీజర్ తన వంశానికి మూలదేవత అని చెప్పుకుంటూ కట్టించిన వీనస్ గుడిలో దేవత పక్కనే క్లియోపాత్రా బొమ్మ నిలబెట్టాడు. ఊళ్లో ఎన్ని గుసగుసలు పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు.

నాటకం కూడా గుడి మెట్ల దగ్గరే పెరిగింది. రోమ్‌లో చాలాకాలం రాతి థియేటర్ కట్టనివ్వలేదు. ఉత్సవాలప్పుడు దేవుడికి ఎదురుగా చెక్క వేదిక వేసి ఆడేవాళ్లు. పాలటైన్ కొండ మీద మహామాత గుడిని క్రీ.పూ. 191లో ప్రతిష్ఠించినప్పుడు ఆడింది ప్లాటస్ రాసిన హాస్యనాటకం. క్రీ.పూ. 165లో ఆ ఉత్సవాల్లోనే టెరెన్స్ నాటకం మధ్యలో ఆగిపోయింది. పక్కన తాడు మీద నడిచేవాడు వచ్చాడని తెలిసి ప్రేక్షకుల మనసు అటు మళ్లిందని ఆ రచయితే తర్వాతి ప్రదర్శన ముందుమాటలో మొరపెట్టుకున్నాడు. చివరికి క్రీ.పూ. 55లో సేనాని పాంపే తొలి శాశ్వత రాతి థియేటర్ కట్టించాడు. ప్రేక్షకుల మెట్లకి పైన, అన్నిటికంటే ఎత్తులో, వీనస్ గుడి పెట్టించాడు. నేను కట్టింది గుడి, కింద ఉన్నవి దాని మెట్లు అని చెప్పుకున్నాడని తర్వాతి రచయితలు రాశారు. అబద్ధమని అందరికీ తెలుసు, కానీ కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

కవులకీ గుడే కచేరీ చావడి. అవెంటైన్ కొండ మీది మినర్వా గుడిలో రాతగాళ్లూ నటులూ కూడుకోవడానికి ప్రభుత్వం హక్కిచ్చింది. గ్రీసులో అంబ్రేసియాని గెలిచిన ఫుల్వియస్ నోబిలియర్ అక్కడి నుంచి తొమ్మిదిమంది కళాదేవతల విగ్రహాలు తెచ్చి హెర్క్యులిస్ గుడిలో పెట్టించాడు. దండయాత్రకి కవి ఎన్నియస్‌ని వెంట తీసుకెళ్లిన మనిషి అతను. పంచాంగం లాంటి తిథుల పట్టిక కూడా ఆ గుడిలో ఉంచాడు. క్రీ.పూ. 28లో అగస్టస్ పాలటైన్ మీద అపోలో గుడి తెరిచాడు. దాన్ని ఆనుకుని గ్రీకు, లాటిన్ గ్రంథాలయాలు. ఎందుకింత ఆలస్యంగా వచ్చావని అడిగిన ప్రియురాలికి కవి ప్రొపర్షియస్ చెప్పుకున్న సాకు, ఆ గుడి బంగారు మండపం తెరిచారు, చూస్తూ ఉండిపోయాను అని. క్రీ.పూ. 17లో అక్కడ 27 మంది అబ్బాయిలూ 27 మంది అమ్మాయిలూ పాడిన స్తోత్రం హొరేస్ రాశాడు. ఆ స్తోత్రం పాడించిన ఉత్సవాల వివరాలు చెక్కిన రాయి 1890లో టైబర్ ఒడ్డున దొరికింది. అందులో ఆయన పేరుంది. కవి పేరు ప్రభుత్వ శాసనంలో ఇలా ఎక్కడం అరుదు. కానీ ఆ గుడి తలుపులు అందరికీ తెరుచుకోలేదు. నల్లసముద్రం ఒడ్డుకి వెళ్లగొట్టిన ఓవిడ్ అక్కడి నుంచి రాసిన కవితలో ఆయన పుస్తకం మనిషిలా నడుచుకుంటూ వచ్చి పాలటైన్ గ్రంథాలయం తలుపు తడుతుంది. కాపలాదారు బయటికి గెంటేస్తాడు.

వీటన్నిటి కలబోత క్రీ.శ. 75లో వెస్పేసియన్ చక్రవర్తి తెరిచిన శాంతి గుడి. పేరుకి శాంతి, డబ్బు మాత్రం జెరూసలేం దోపిడీది. అక్కడి యూదుల దేవాలయపు బంగారు దీపస్తంభం ఈ గుడికే చేరింది. ఒకప్పుడు లోకమంతా తిరిగితే గానీ చూడలేనివన్నీ ఇప్పుడు ఒక్కచోట ఉన్నాయని రాసినవాడు చరిత్రకారుడు జోసిఫస్. ఆయనా జెరూసలేంవాడే. నీరో తన బంగారు భవనంలో దాచుకున్న శిల్పాలు కూడా ఇక్కడికే వచ్చాయి. దోచి తెచ్చినవాటినీ దాచుకున్నవాటినీ జనం ముందు పెట్టడమే వెస్పేసియన్‌తో మొదలైన కొత్త రాజవంశం చేసుకున్న ప్రచారం.

ఇక్కడి చిత్రాల్లో పేరెన్నికగన్నది గ్రీకు చిత్రకారుడు ప్రోటోజెనీస్ వేసిన ఇయాలిసస్ అనే వీరుడి బొమ్మ. అందులోనూ ఒక కుక్క ఉంది. ఆయాసపడుతున్న కుక్క మూతి దగ్గర నురగ ఎంతకీ కుదరలేదు. గీయడం, తుడవడం. మళ్లీ గీయడం, మళ్లీ తుడవడం. నురగ రంగుతో వేసినట్టు ఉంటోందే గానీ నోట్లోంచి వచ్చినట్టు లేదు. విసుగెత్తి రంగు తుడిచే స్పాంజిని బొమ్మ మీదకి విసిరికొట్టాడు. అది పడిన చోట సరిగ్గా కోరుకున్న నురగ వచ్చింది. ఆ చిత్రం ఎక్కడ తగలబడుతుందోనని భయపడి, అది అప్పట్లో ఉన్న గ్రీకు నగరం రోడ్స్‌ని ముట్టడించిన డిమెట్రియస్ రాజు ఊరికి ఆ వైపు నిప్పు పెట్టలేదట. ఒక ఊరిని కాపాడిన చిత్రం చివరికి రోమన్ గుడి గోడకెక్కింది.

ఆ గుడి తోటలో నడిచే దారులు, నీటి కాలవలు, గ్రంథాలయం ఉండేవి. వైద్యులు ఇక్కడికి చేరి వాదించుకునేవాళ్లని వైద్యుడు గాలెన్ రాశాడు. పక్కనే డొమిషియన్ చక్రవర్తి కట్టించిన మిరియాల గోదాములు. ఆ మిరియాలు మన మలబారు తీరానివి. అక్కడి ముజిరిస్ రేవు పక్కన ఒక రోమన్ దారిపటం 'అగస్టస్ గుడి' అని గుర్తు కూడా వేసింది. క్రీ.శ. 192లో మంటలు లేచి శాంతి గుడి కాలిపోయింది. జనం భద్రమని నమ్మి అక్కడ దాచుకున్న బంగారం, వెండి దాంతోపాటే పోయాయి. రాత్రికి రాత్రి ఎందరో ధనవంతులు బీదవాళ్లైపోయారని చరిత్రకారుడు హెరోడియన్ రాశాడు. గాలెన్ దగ్గర్లోని గోదాములో పెట్టుకున్న పుస్తకాలు, మందులు బుగ్గైపోయాయి. అంత నష్టాన్ని ఎలా తట్టుకున్నావని అడిగిన మిత్రుడికి ఆయన రాసిన జవాబు 2005లో థెస్సలొనికిలోని ఒక మఠం లైబ్రరీలో బయటపడింది.

సెవెరస్ చక్రవర్తి గుడిని మళ్లీ కట్టించి, ఒక హాలు గోడకి రోమ్ నగరం పటాన్ని బిగించాడు. 150 పాలరాతి పలకలు, 18 మీటర్ల వెడల్పు, 13 మీటర్ల ఎత్తు. మెట్లతో సహా ప్రతి ఇంటి గీతా అందులో చెక్కారు. ఇప్పటికి దొరికినవి పదో వంతు ముక్కలే. గోడ మాత్రం నిలబడే ఉంది. పలకలు బిగించిన కన్నాలు ఇవాళ కూడా కనిపిస్తాయి. ఆరో శతాబ్దంలో ఆ హాలు దగ్గరే కోస్మాస్, డామియన్ అనే సెయింట్లకి చర్చి కట్టారు. వాళ్లిద్దరూ ఫీజు పుచ్చుకోకుండా వైద్యం చేసిన డాక్టర్లని క్రైస్తవుల నమ్మకం.

అప్పటికి దేవుళ్లే మారిపోయారు. క్రీ.శ. 382లో తూర్పు సరిహద్దులోని ఒక గుడి గురించి క్రైస్తవ చక్రవర్తి థియోడోసియస్ ప్రభుత్వం ఒక ఆజ్ఞ పంపింది. జనం కూడే ఆ గుడిని తెరిచే ఉంచండి, అందులోని విగ్రహాలని దైవంగా కాకుండా పనితనం విలువని బట్టి చూడాలి, బలులు మాత్రం ఇవ్వనివ్వకండి. గాయం నాక్కునే కంచు కుక్క విషయంలో జనం ఎప్పట్నుంచో చేస్తున్న పనే ఇది, చట్టం నోట రావడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆ చట్టం ఎంతోకాలం నిలవలేదు. పదేళ్లకే గుళ్లన్నిటి తలుపులూ మూతపడ్డాయి. తర్వాత ఒలింపియా జ్యూస్, నైడస్ ఆఫ్రొడైటీ వంటి పేరుమోసిన విగ్రహాలు కాన్‌స్టాంటినోపుల్‌లో లౌసుస్ అనే రాజోద్యోగి భవనానికి చేరాయని బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) చరిత్రకారులు రాశారు. అగ్రిప్పా భయపడ్డట్టే, ఒకరి ఇంటికి. 475 ప్రాంతంలో ఆ ఇల్లు కాలిపోయింది.